కోనసీమ యాత్ర - గుడీ, మడీ



యాత్ర అనగానే మనలో చాలామందికి కాశీ, రామేశ్వరం, తిరుపతి గుర్తుకొస్తాయి. అక్కడికి వెళ్ళి రావలసిందే, కాదనను. కాని రెండు మూడు రోజుల సెలవులు దొరికి, పిల్లల్నీ పెద్దవాళ్ళనీ వెంటబెట్టుకుని వెళ్ళదలిస్తే కోనసీమ వంటి చోటు మరొకటి లేదని నా నమ్మకం. ఎలా చూడాలో తెలియక చాలామంది సగమే చూసి వస్తారు. నేనూ మొదటిసారి అలాగే వచ్చాను. ఆ రెండో సగం సంగతి చెప్పాలనే ఈ ప్రసంగం.

ముందు ఈ సీమ ఎక్కడున్నదో చూద్దాం. ధవళేశ్వరం దాటగానే గోదావరి రెండుగా చీలుతుంది. తూర్పు పాయ గౌతమి, పడమటి పాయ వసిష్ఠ. వసిష్ఠ నుంచి మళ్ళీ వైనతేయ చీలుతుంది. గౌతమికీ వసిష్ఠకీ నడుమ, దక్షిణాన సముద్రం దాకా పరుచుకున్న నేలే కోనసీమ. ఇంజనీర్లు దీన్ని మధ్య డెల్టా అంటారు. 2022 ఏప్రిల్ 4న ఇది జిల్లా అయింది. ఇప్పుడు పూర్తి పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా. ముఖ్యపట్టణం అమలాపురం. పూర్వం ఎటునుంచి వచ్చినా రేవు దాటాల్సిందే, పంటు కోసం గంటల తరబడి కాచుకోవలసిందే. ఇప్పుడు పెద్ద పాయలమీద వంతెనలున్నాయి కనుక ఆ బాధ చాలావరకు తప్పింది.

ఈ పాయలకు ఋషుల పేర్లు ఎలా వచ్చాయి? గౌతమ మహర్షి కథ మీ అమ్మమ్మలు చెప్పే వుంటారు. లోకమంతా కరువొచ్చినా గౌతముడి పొలంలో మాత్రం వరి పండేది. ఆయన పెట్టిన అన్నం తిన్నవాళ్ళే ఓర్వలేక మాయ గోవును సృష్టించి చేలోకి తోలారట. గౌతముడు దర్భతో అదిలిస్తే ఆవు కాస్తా చచ్చిపడింది. గోహత్యాదోషం పోవడానికి ఆయన తపస్సు చేసి గంగను దించాడు. ఆవు బ్రతికింది, గోదావరి పుట్టింది. సప్తఋషులు ఆ నదిని ఏడు పాయలుగా సముద్రానికి తీసుకుపోయారని మన పెద్దల మాట.

ఈ కథలో నాకు నచ్చిన సంగతి ఒకటి చెబుతాను. అది మొదలయ్యేది గుడిలో కాదు, వరిచేలో. కరువు, అన్నం, ఆవు, నీరు - ఈ నాలుగే అందులో వున్నాయి. కోనసీమలో ఏ స్థలపురాణం విన్నా దాని వెనుక ఇవే కనిపిస్తాయి.

ఇక గుళ్ళ విషయం. ఆత్రేయపురం దగ్గర ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి వున్నాడు. ఒకటే శిల. ముందునుంచి చూస్తే విష్ణువు, వెనక్కి వెళ్ళి చూస్తే మోహిని. పరుగెడుతున్న మోహిని సిగలోంచి పువ్వు రాలిన చోటు కనుక ర్యాలి అయిందంటారు. దగ్గరలోని పలివెలలో శివుడికి కొప్పు వుంది. స్వామివారి ప్రసాదంలో వెంట్రుక వచ్చిందని రాజు నిలదీస్తే, పూజారి భయపడి "అది స్వామి కొప్పులోదే" అన్నాడట. భక్తుడి మాట దక్కించడానికి ఆయన నిజంగానే కొప్పు పెట్టుకున్నాడట! ముక్తేశ్వరం దగ్గర అయినవిల్లి విఘ్నేశ్వరుడు, నిత్యకళ్యాణం జరిగే మురమళ్ళ వీరేశ్వరుడు, శనిత్రయోదశికి జనం పోటెత్తే మందపల్లి - ఇవన్నీ దగ్గర దగ్గరలోనే.

చివరికి అంతర్వేది. వసిష్ఠ పాయ సముద్రంలో కలిసే చోట లక్ష్మీనరసింహస్వామి. రక్తవిలోచనుడనే రాక్షసుడి నెత్తురు ఎన్ని ఇసుకరేణువుల మీద పడితే అంతమంది రాక్షసులు లేచేవారట. అమ్మవారు నాలుక చాచి ఆ నెత్తురు నేలను పడకుండా పట్టిందని కథ. ఆవిడే గుర్రాలక్క. భీష్మ ఏకాదశినాడు అక్కడ రథోత్సవం. 2020 సెప్టెంబరులో ఆ పాత టేకు రథం కాలిపోయింది. మరుసటి ఏడు ఉత్సవానికల్లా కొత్తది చేయించి నిలబెట్టారు.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు మా ఆడపడుచు కూడా వచ్చింది. రెండు రోజుల్లో ఏడు గుళ్ళు చూసి, ఇక చూసేదేం లేదనుకుని కాలవగట్టు మీద కారు ఆపాం. ఊడ్పులు చేసి గట్టెక్కుతున్న ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి "ఎక్కడికెళ్ళొత్తున్నారండీ?" అంది. గుళ్ళ పేర్లన్నీ చెప్పాం. ఆవిడ నవ్వి, "దేవుణ్ణి చూశారు బాగానే వుందండి. మరి ఆయనకి నైవేద్యం ఎక్కణ్ణించొత్తాదో చూడలేదేంటండీ?" అంది. సిగ్గుపడి చెప్పులు విడిచి ఆవిడ వెంట గట్టుమీద నడిచాం. నా అసలు యాత్ర అక్కడ మొదలయింది.

ఆవిడ చూపిస్తే తెలిసింది. కోనసీమలో ప్రతి చేనుకూ రెండు కాలవలు కావాలి. ఒకటి నీరు తెచ్చేది, రెండోది నీరు తీసుకుపోయేది. మొదటిది కాటన్ దొర పుణ్యం. 1832-33లో వచ్చిన ఘోరమైన కరువుకు ఈ గోదావరి సీమ కూడా అల్లాడింది. నది పక్కనే వున్నా నీరంతా సముద్రం పాలయ్యేది. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు. దానితో సార్వా, దాళ్వా రెండు పంటలూ పండే నేల అయింది. పుష్కరాలలో తమ పెద్దలతోబాటు ఆయనకూ తర్పణం విడిచేవాళ్ళు ఇప్పటికీ వున్నారు.

రెండోది మురుగు కాలవ. దీనికి మనం దండం పెట్టం, చూడం కూడా. కాని కోనసీమ ప్రాణం ఇందులో వున్నది. నేల పల్లం, సముద్రం దగ్గర. మురుగు కాలవలు పూడినా, అవి సముద్రంలో కలిసే మొగలు ఇసుకతో మూసుకున్నా, వానాకాలంలో చేలు రోజుల తరబడి మునిగిపోతాయి. ఆటుపోట్లకు ఉప్పునీరు ఎదురెక్కుతుంది. 2011లో ఇక్కడి రైతులు, గిట్టుబాటు లేదనీ మురుగు పోయే దారి లేదనీ, వేలాది ఎకరాల్లో సార్వా నాటకుండా ఊరుకున్నారు. పంట విరామం అన్నారు దాన్ని. అన్నం పెట్టే సీమ అలిగి కూర్చున్నదన్న మాట! సముద్రం వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఉప్పునీరు నిలిచి కొబ్బరిచెట్లు తలలు వాల్చి మోడులైన సంగతి 2025లో అందరూ మాట్లాడుకున్నారు. చేలను చెరువులు చేసి రొయ్యలు పెంచే చోట పక్క రైతుకు ఉప్పు భయం. నీరు తెచ్చిన ఋషి కథ మనకు తెలుసు. నీరు పోయే దారి కథ కూడా తెలియాలి.

కొబ్బరి మాట చెప్పకపోతే కోనసీమ చెప్పినట్టు కాదు. 1996 నవంబరు 6 తుపానుకు తోటలకు తోటలే నేలకొరిగాయి. మళ్ళీ నాటుకున్నారు. అంబాజీపేట మార్కెట్టుకు వెళ్ళండి. దింపు తీసిన కాయలు, ఒలిచిన రాశులు, చిప్పలోనే ఎండిన కురిడీ కొబ్బరి చూడండి. ఆత్రేయపురంలో పూతరేకులు కొనేముందు చెయ్యడం చూడండి. బోర్లించిన కుండకింద కొబ్బరాకుల మంట. బియ్యప్పిండి నీటిలో ముంచిన గుడ్డను కుండమీద ఒక్కసారి లాగితే కాగితంలాంటి రేకు లేస్తుంది. ఆ సెగ దగ్గర గంటల తరబడి కూర్చునేది ఆడవాళ్ళే. 2023లో ఆ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. బేరమాడేటప్పుడు ఆ చేతుల్ని కాస్త తలుచుకోండి.

వెళ్ళే కాలం అడుగుతారేమో. ఆషాఢ శ్రావణాల్లో ఊడ్పులు కనిపిస్తాయి. దారులు బురద, చెప్పులు చేతబట్టాలి. సంక్రాంతికి వెళితే మరీ మంచిది. కనుమనాడు మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. పదకొండు ఊళ్ళనుంచి పదకొండుగురు రుద్రులు ప్రభలమీద వస్తారు. ఆ తోటలో గుడి లేదు, గోపురం లేదు. కొబ్బరిచెట్ల నీడే మండపం. గంగలకుర్రు ప్రభలను భుజాలమీద మోస్తూ కౌశిక కాలవలో దిగి దాటిస్తారు. దారిలో పచ్చని చేలు తొక్కుకుంటూనే వస్తారు. ఆ చేలు తొక్కుడుపడితే రైతు కోప్పడడు సరికదా, స్వామి నా మడిలో అడుగుపెట్టాడని పొంగిపోతాడు.

దేవుడు మడిలోకి దిగి నడిచే సీమ అది. మనం మాత్రం గుడి మెట్ల దగ్గరే ఆగిపోవడం న్యాయమా? ఈసారి వెళ్ళినప్పుడు కొబ్బరికాయ కొట్టి ఊరుకోక, గట్టుమీద నాలుగడుగులు వేయండి. ప్రసాదం తిన్న ప్లాస్టిక్ సంచీ కాలవలో పారేయకండి. అది చివరికి చేరేది ఆ మురుగు కాలవలోకే, ఎవరో ఒకరి చేను ముంచడానికే. మీ పిల్లలకు గౌతముడి ఆవు కథ చెప్పండి. చెబుతూ చెబుతూ ఆ ఆవు మేసిన చేను ఎవరిదో, ఇప్పుడు ఎలా వున్నదో కూడా చూపించండి.

సెలవు.