ముందు ఇరుసు, ఆ తర్వాతే బ్రేకు

కోల్‌కతాకు కూతవేటు దూరంలో, హుగ్లీ నది ఒడ్డున ఉన్న ఉత్తరపాడలో హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివరి నుంచి 2014 మే దాకా అంబాసిడర్ కార్లు తయారు చేసింది. ఇంగ్లండులో పుట్టిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ దీనికి మాతృక. పై రూపం అంతగా మారలేదు గానీ లోపల 1489 సీసీ పెట్రోలు ఇంజిన్, డీజిలు, 1990లలో 1.8 లీటర్ల ఇసుజు, అయిదు గేర్ల పెట్టె ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఏళ్ల తరబడి టాక్సీగా తిరిగిన బండికి కోల్‌కతా మల్లిక్‌బజార్‌లో దొరికే పాత సామాను కూడా ఎక్కి ఉండవచ్చు. కింద ఉన్నది ఏ బండి ఇరుసో ఆర్‌సీ పుస్తకం చెప్పదు. అందుకే వెనక బ్రేకు మార్చే ముందు ఇరుసు ఏదో తేల్చుకోవాలి.

ఇరుసుకూ బ్రేకుకూ సంబంధం ఏమిటి? వెనక బ్రేకు పలక బోల్టులతో బిగిసేది ఇరుసు గొట్టం చివరనున్న అంచుకే. ఆ బోల్టు రంధ్రాల మధ్య దూరం, పలక నుంచి హబ్బు ముఖం దాకా ఉన్న లోతు, డ్రమ్ము నడిమి రంధ్రం: వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా కొత్త సామాను పనికిరాదు. లోపల షాఫ్టు చివర శంకువులా సన్నబడి కీతో హబ్బును పట్టుకుందా, లేక షాఫ్టుకే అంచు ఉందా అన్నదీ చూడాలి. మొదటి రకమైతే హబ్బు ఊడదీయడానికి పుల్లర్ కావాలి. సుత్తితో కొడితే బేరింగులు పాడవుతాయి.

ఇరుసును గుర్తించడానికి లోపలి క్రౌన్, పినియన్ పళ్లచక్రాల నిష్పత్తి కూడా మంచి ఆనవాలు. ముందు చక్రాలకు అడ్డం పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వదిలి, ఒక్క వెనక చక్రాన్నే జాకీతో లేపి స్టాండు పెట్టండి. రెండో చక్రం నేలమీదే ఉండాలి. లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. డిఫరెన్షియల్ వల్ల క్రౌన్ ఒక్క చుట్టే తిరుగుతుంది. ఆలోగా ప్రొపెల్లర్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో అదే నిష్పత్తి. నాలుగున్నర చిల్లర వస్తే 41 పళ్ల క్రౌన్, 9 పళ్ల పినియన్ అని ఊహించవచ్చు: 41ని 9తో భాగిస్తే 4.56. అయితే ఈ అంకె ఒక్కటే చాలదు. ఒకే నిష్పత్తి వేర్వేరు హౌసింగుల్లో ఉండవచ్చు కనుక అంచు కొలతలే చివరి మాట.

వెనక పెద్ద బ్రేకు పెడితే బండి తొందరగా ఆగుతుందనుకోవడం ప్రమాదం. బ్రేకు పడగానే బరువు ముందుకు మళ్లుతుంది. అంబాసిడర్ చక్రాల నడిమి దూరం 2.46 మీటర్లు. గరిమనాభి ఎత్తు 0.6 మీటర్లనుకుని, గురుత్వ త్వరణంలో 0.6 వంతు రుణత్వరణంతో ఆపితే, మొత్తం బరువులో దాదాపు 15 శాతం వెనక నుంచి ముందుకు పోతుంది. తేలికైన వెనక చక్రాలు ముందే బిగుసుకుంటే బండి తోక తిరుగుతుంది. అందుకే డిస్కులు ముందు చక్రాలకు పెట్టి, వెనక మంచి డ్రమ్ములూ లైనర్లూ ఉంచడమే నాకు సరైనదనిపిస్తుంది. హ్యాండ్ బ్రేకు పనిచేసేది కూడా వెనక డ్రమ్ముల మీదే.

పాత లైనర్ల ధూళిలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. గాలి కొట్టకండి, తడిగుడ్డతో తుడవండి. కొలతలన్నీ కాగితం మీద రాసుకుని, ఊడదీసిన పాత డ్రమ్మును వెంట పట్టుకెళ్లి, పక్కన పెట్టి పోల్చి చూశాకే దుకాణదారుకి డబ్బు ఇవ్వండి.