పక్కన కూర్చుంటేనే పని తెలిసింది!

రెజిమెంటల్ బజార్‌లో మా ఇల్లు. ఒకప్పుడు బ్రిటిష్ పటాలాల కోసం వెలసిన బజారు కాబట్టి ఆ పేరు. గుమ్మం ముందు ఆగి ఉండే పాత వ్యానే మాకు అన్నం పెడుతోంది. పొద్దున, సాయంత్రం స్కూలు పిల్లలు, మధ్యలో సరుకుల బేరాలు. బండి నడిపేది మావారు, లెక్కలు చూసేది నేను.

నిరుడు వ్యాను వెనక ఇరుసులోంచి ఒకటే ఏడుపు. ఒక షెడ్డులో చూపిస్తే పినియన్ అరిగిందని అదొక్కటే మార్చారు. ఖర్చు తగ్గిందని సంబరపడ్డాం. నెల తిరక్కుండానే మోత రెట్టింపైంది. డబ్బు దండగ. పైగా పిల్లల తల్లులు వేరే వ్యాను చూసుకుంటామన్నారు.

ఈసారి మా వీధి చివర ముసలి మేస్త్రి దగ్గరికి నేనే వెళ్ళాను. “పనయ్యేదాకా ఇక్కడే కూచుంటా అన్నా” అంటే నవ్వి స్టూలు వేశాడు.

పినియన్ అంటే చిన్న పళ్ళచక్రం. ఇంజను బలాన్ని అందుకుని క్రౌన్ అనే పెద్ద చక్రాన్ని తిప్పుతుంది. క్రౌన్‌తోపాటు తిరిగే డిఫరెన్షియల్ ఆ బలాన్ని వెనక చక్రాలకు పంచుతుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి కదా! ఆ తేడా సర్దేదీ అదే.

“క్రౌన్, పినియన్ జోడీ అక్కా. ఫ్యాక్టరీలనే రెండిటిని కలిపి అరగదీసి నంబరేస్తరు. ఒక్కదాన్నే మారిస్తే సంసారం చేస్తయా?” అన్నాడు. మా పొరపాటు అప్పుడర్థమైంది. రాణిగంజ్ నుంచి జత తెప్పించాం.

పినియన్ తలకూ బేరింగుకూ మధ్య షిమ్ అనే పలచని ఉక్కు బిళ్ళ ఉంటుంది. మిల్లీమీటరులో పదో వంతు తేడా వచ్చినా పళ్ళు సరిగా కలవవట. అది చూడ్డానికి ఎర్రరంగు నూనెలో కలిపి, ఆంజనేయస్వామికి సిందూరం పూసినట్టు క్రౌన్ పళ్ళకు పూసి తిప్పాడు. మచ్చ పన్ను మధ్యలో పడాలి. మాది అడుగుకు జారింది. విసుక్కోకుండా బేరింగు ఊడదీసి ఇంకా పలచని షిమ్ వేశాడు. మచ్చ నడిమికొచ్చింది.

తర్వాత రెండు బేరింగుల మధ్య కొత్త గొట్టం పెట్టి నట్టు బిగించాడు. బిగించేకొద్దీ ఆ గొట్టం నలుగుతుంది. కుట్టుమిషన్‌లో దారం బిగువులాగే, వదులైనా బాధే, ఎక్కువైనా బాధే. కాకపోతే ఇక్కడ హద్దు దాటితే నట్టు వదులు చేసి లాభం లేదు. మళ్ళీ కొత్త గొట్టం వెయ్యాల్సిందే. చివర్లో రెండు చక్రాల మధ్య సందు గేజీతో చూసి, కొత్త గేరాయిల్ పోశాడు.

మర్నాడు పొద్దున పిల్లలతో వ్యాను చప్పుడు లేకుండా కదిలింది. మావారు వెనక్కి తిరిగి చూసి నవ్వారు.

మీ బండి వెనక ఇరుసు మోత పెడితే వాయిదా వెయ్యకండి. రెండు చక్రాలపై నంబర్లు కలిశాయా, గొట్టం, నట్టు కొత్తవేనా, రంగు మచ్చ ఎక్కడ పడిందో చూపించమనండి. మనకేం తెలుసులే అని ఊరుకున్నందుకు నేను రెండుసార్లు డబ్బు కట్టాను. మీరు ఒక్కసారే కట్టండి!