మిస్ చేస్తాడని వెక్కిరించారు.. టాప్ స్కోరర్ అయ్యాడు

గోల్ మిస్సైతే స్ట్రైకర్‌ని తిట్టడం మామూలే. సెర్బియా స్ట్రైకర్ సావో మిలోషెవిచ్‌కి ఏకంగా పేరే మార్చేశారు. 1995లో బెల్‌గ్రేడ్‌లోని పార్టిజాన్ క్లబ్ నుంచి ఇంగ్లండ్‌లోని ఆస్టన్ విల్లాకు వచ్చాడు. ఛాన్సులు పోగొడుతున్నాడని ‘మిస్-ఎ-లాట్-ఎవిచ్’ అన్నారు. అంటే తెగ మిస్ చేసేవాడని! అదే మనిషి 1996 లీగ్ కప్ ఫైనల్లో లీడ్స్‌పై తొలి గోల్ కొట్టాడు. విల్లా 3-0తో గెలిచింది.

అసలు విషయం ఏంటంటే, ఎక్కువ మిస్ చేస్తున్నాడంటే గోల్ దాకా ఎక్కువసార్లు వెళ్తున్నాడనే కదా. తర్వాత స్పెయిన్‌లో జరగోజాకు ఆడాడు. యూరో 2000లో 5 గోల్స్ కొట్టి, నెదర్లాండ్స్ ఆటగాడు క్లయివర్ట్‌తో సమానంగా టాప్ స్కోరర్‌గా నిలిచాడు.

ఈలోపు దేశం పేరే మారిపోయింది. యుగోస్లావియా, సెర్బియా-మాంటెనెగ్రో, సెర్బియా.. మూడు పేర్ల మీదా ఆడాడు. మొత్తం 102 మ్యాచ్‌లు, 37 గోల్స్. 2008లో బల్గేరియాతో వీడ్కోలు మ్యాచ్‌లో 2 పెనాల్టీలు మిస్ చేశాడు. ఆ మ్యాచ్‌లోనే 2 గోల్స్ కూడా కొట్టాడు!

2019లో పార్టిజాన్‌కే కోచ్‌గా తిరిగొచ్చాడు. ఆ ఏడాదే చిరకాల ప్రత్యర్థి రెడ్ స్టార్‌ను ఓడించి సెర్బియా కప్ గెలిపించాడు. మిస్సైన ఆటగాడికి ఏం చెప్పాలో ఈ కోచ్‌కి ఒకరు నేర్పక్కర్లేదు.