పైపుతో తినే పిల్లాడున్న ఇల్లు

మా రెండోవాడికి తొమ్మిదేళ్లు. సెరిబ్రల్ పాల్సీ, దానికి తోడు ఫిట్స్, మింగుడు పడకపోవడం. తిండీ మందులూ పొట్టకు పెట్టిన పైపులోంచే. నడవడు, మాట్లాడడు. నవ్వుతాడు, అలుగుతాడు, ఫ్యాన్ ఆపితే ఇల్లెగరగొడతాడు. తెనాలిలో మా ఇంటికి వచ్చిపోయేవాళ్లు ఇన్నేళ్లుగా అంటున్న మాటలు కొన్ని ఇక్కడ పెడుతున్నాను. చెడ్డ బుద్ధితో అన్నవాళ్లు తక్కువే. కానీ అవే మాటలు నమ్మి మందులు ఆపేసినవాళ్లూ, పొలం అమ్ముకున్నవాళ్లూ ఫిజియోథెరపీ సెంటర్ బెంచీల మీద నా పక్కనే కూర్చున్నారు.

అపోహ: మేనరికం చేసుకున్నారు, అందుకే ఇలా

మాది మేనరికం కాదు. కాదంటే తర్వాతి ప్రశ్న సిద్ధంగా ఉంటుంది: గ్రహణం రోజు బయట తిరిగావా? దేనికోదానికి తల్లి దొరకాలి కదా.

దగ్గరి సంబంధాల్లో కొన్ని జన్యు జబ్బుల ముప్పు పెరిగే మాట నిజం. ఎవరి కాన్పుల్లోనైనా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏదో ఒక పెద్ద లోపంతో పుడతారు. బావామరదళ్ల పెళ్లిళ్లలో దానికి సుమారుగా ఇంకో రెండు మూడు కలుస్తాయి, మేనమామ పెళ్లయితే ముప్పు ఇంకా ఎక్కువ. సెరిబ్రల్ పాల్సీకి మాత్రం చాలా వరకు దారులు వేరు. నెలలు నిండకుండా పుట్టడం, కడుపులో ఉండగానే మెదడుకు దెబ్బ తగలడం, కాన్పులో ఆక్సిజన్ అందకపోవడం, పుట్టాక మెదడుకు ఇన్ఫెక్షన్ సోకడం, ముదిరిన కామెర్లు. గ్రహణానికి వీటిలో దేనితోనూ సంబంధం లేదు.

కామెర్ల దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇది ఆపగలిగిన కారణం. పుట్టిన బిడ్డ పచ్చబడితే పొద్దుటెండ చూపించి ఊరుకోవడం మన ఇళ్లలో ఇంకా ఉంది. చాలామందిలో అది తేలిగ్గానే తగ్గిపోతుంది. కానీ పుట్టిన ఇరవై నాలుగు గంటల లోపే పచ్చదనం కనిపించినా, అది అరికాళ్ల దాకా దిగినా, బిడ్డ మగతగా ఉండి పాలు పట్టకపోయినా ఎండ చాలదు, పసరు అసలే పనికిరాదు. ఆసుపత్రిలో నీలి లైటు కింద పెడతారు, అప్పటికీ తగ్గకపోతే రక్తం మారుస్తారు. ఆలస్యమైతే ఆ పసుపు మెదడుకెక్కి చేసే నష్టం జీవితాంతం ఉండిపోతుంది.

అపోహ: ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము పెట్టాలి

ఒక పెళ్లిలో మా వాడికి ఫిట్స్ వచ్చింది. నిమిషంలో నా ముందు తాళంచెవుల గుత్తులు, ఒక కొబ్బరికాయల కత్తి, ఎవరో తెచ్చిన ఉల్లిపాయ. చుట్టూ జనం, గాలి ఆడదు. మా పెద్దమ్మాయి మాత్రం పీటల వైపున్న గోడ గడియారం చూసి టైము చెప్పింది. ఆ హాల్లో పనికొచ్చిన మాట అదొక్కటే.

ఇనుముకు ఫిట్స్‌ను ఆపే శక్తి లేదు. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి. అప్పటికి చేతిలో తాళాలుంటే పేరు తాళాలకొస్తుంది. చేయాల్సిన పని చాలా చిన్నది. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఉమ్మి బయటికి కారిపోయేలా. తల కింద మెత్తగా ఏదైనా పెట్టాలి. కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోకూడదు, నోట్లో చెంచా గానీ వేలు గానీ నీళ్లు గానీ పెట్టకూడదు. గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ మొదలైనా ఆసుపత్రికి పరుగెత్తాలి. డాక్టర్ రాసిస్తే ముక్కులో కొట్టే మిడజోలమ్ స్ప్రే ఇంట్లో ఉంచుకోవచ్చు. మాది ఫ్రిజ్ మీద ఉంటుంది, పనమ్మాయికి కూడా తెలుసు.

ఇంతకంటే ప్రమాదమైన సలహా ఒకటుంది: ‘ఆ బిళ్లలు వేడి చేస్తాయి, పిల్లాడు మొద్దుబారుతున్నాడు, కొన్నాళ్లు ఆపి చూడు.’ ఫిట్స్ మందులు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మగత ఎక్కువైతే డాక్టర్ మోతాదు మారుస్తాడు, మందు మారుస్తాడు. అది మన చేతుల్లో పెట్టుకునే పని కాదు.

అపోహ: పైపు పెట్టారంటే ఇక ఆఖరి దశే

పైపు పేరెత్తగానే చూడటానికి వచ్చినవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. ఐసీయూలోనో, మంచం పట్టిన ముసలివాళ్లకో చూసి ఉంటారు, వాళ్ల తప్పు కాదు. మా ఇంట్లో మాత్రం పైపు వచ్చాకే బతుకు గాడిన పడింది.

నోటితో పెట్టే రోజుల్లో ఒక పూట తిండికి గంటన్నర పట్టేది. రెండు ముద్దలు లోపలికి, ఒకటి బయటికి, దగ్గు, ఏడుపు, మళ్లీ మొదలు. టిఫిను అయ్యేసరికి భోజనం వేళ. అంత పెట్టినా బరువు పెరగడు. పైగా ఏటా న్యుమోనియాతో ఆసుపత్రి. మింగింది పొట్టలోకి కాకుండా ఊపిరితిత్తుల్లోకి జారడం వల్ల వచ్చే న్యుమోనియా అది. కొందరు పిల్లల్లో అలా జారినప్పుడు పొలమారదు, దగ్గు కూడా రాదు. తింటున్నాడులే అనుకుంటాం.

ముక్కులోంచి వేసే పైపు కొద్ది వారాల కోసం. ఎక్కువ కాలం కావాల్సిన పిల్లలకు పొట్ట మీద చిన్న రంధ్రం చేసి నేరుగా జీర్ణాశయంలోకి పెడతారు. పెగ్ అంటారు. చొక్కా కింద కనిపించదు. స్నానం చేయించొచ్చు, బోర్లా పడుకోబెట్టొచ్చు.

పెట్టే పద్ధతి ఎవరైనా నేర్చుకోవచ్చు. పిల్లాడిని దిండ్లకు ఆనించి కూర్చోబెడతాం. అరవై మిల్లీల సిరంజిలో నెట్టే కడ్డీ తీసేసి పైపుకు తగిలించి, జావ పోసి కాస్త ఎత్తులో పట్టుకుంటే దానంతటదే దిగుతుంది. తొందరపడి నెడితే వాంతి. అయ్యాక నీళ్లు పోసి పైపు కడగాలి, కనీసం అరగంట పడుకోబెట్టకూడదు. కిటుకంతా వంటింట్లోనే ఉంది. రాగి జావ పొయ్యి మీద పల్చగానే ఉంటుంది, చల్లారేకొద్దీ చిక్కబడి పైపులో కూర్చుంటుంది. అందుకే రెండుసార్లు వడకట్టి గోరువెచ్చగా ఉండగానే పోయాలి. ఏం పెట్టాలి, ఎంత పెట్టాలన్నది డైటీషియన్ లెక్క కట్టిస్తారు, ఎందుకంటే ఒట్టి జావతో పొట్ట నిండుతుంది గానీ పిల్లాడు పెరగడు. మాత్రలన్నీ నూరేయకూడదు కూడా. నెమ్మదిగా కరిగేలా తయారుచేసిన రకాన్ని నూరితే మందంతా ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. వాటికి బదులు సిరప్ అడగాలి. పైపు ఊడి వచ్చేస్తే మాత్రం రేపు చూద్దాంలే అనుకోవద్దు, ఆ రంధ్రం కొన్ని గంటల్లోనే పూడుకోవడం మొదలెడుతుంది.

మా అత్తయ్య మొదట్లో ఆ గదిలోకే వచ్చేవారు కాదు. నాలుక్కి తగలని తిండి తిండేనా అని ఆమె బాధ. ఆ ప్రశ్నలో న్యాయముంది. పైపు ఉంటే నోరు మూసెయ్యాలని లేదు, కొంతమంది పిల్లలకు రుచి చూపించొచ్చు. స్పీచ్ థెరపిస్టు పరీక్షించి, ఎంత వరకు పర్వాలేదో చెప్పాక అత్తయ్య వేలి చివర అంటించి నాలుకకు రాయడం మొదలుపెట్టారు. అరిసె పాకం పెడితే మొహం తిప్పేశాడు. మాగాయ ఊటకు మాత్రం నోరు తెరిచాడు. ఇప్పుడు మధ్యాహ్నం సిరంజి పట్టుకునేది ఆవిడే.

అపోహ: డబ్బు పెట్టగలిగితే నయం కానిదేముంది

పొలం అమ్ముకున్నవాళ్ల మాట ముందే చెప్పాను. మూలకణాలు ఎక్కిస్తే మెదడు బాగవుతుందని లక్షల్లో ప్యాకేజీ చెప్పే క్లినిక్కులున్నాయి. మాకూ ఒక చోట రంగుల బ్రోషర్ ఇచ్చారు, ముందు ఫొటో, తర్వాత ఫొటో. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది: రక్త సంబంధమైన కొన్ని జబ్బులకు చేసే మూలకణ మార్పిడి వంటి ఆమోదం పొందిన చికిత్సలు తప్ప, మిగతావన్నీ క్లినికల్ ట్రయల్‌లో భాగంగానే జరగాలి. ట్రయల్ పేరు చెప్పి డబ్బు అడిగారంటే అక్కడే లేచి రావచ్చు.

మెదడులో తగిలిన దెబ్బ పెరగదు, పోదు. మన డబ్బూ ఓపికా వెళ్లాల్సింది ఆ దెబ్బ మీదికి కాదు, అది ఒంటికి చేసే పనుల మీదికి. కండరాలు బిగుసుకుని కీళ్లు వంగిపోతాయి. సెరిబ్రల్ పాల్సీ పిల్లల్లో దాదాపు మూడో వంతు మందికి తుంటి కీలు మెల్లగా పక్కకు జరుగుతుంది. నొప్పి పుట్టేదాకా బయటికి తెలియదు, మాట రాని పిల్లాడు చెప్పలేడు. డాక్టర్ చెప్పిన గడువు ప్రకారం తుంటి ఎక్స్‌రే తీయిస్తే ముందే పసిగట్టొచ్చు. ఆ ఎక్స్‌రేకు అయ్యేది కొన్ని వందలు. దానికి మాత్రం ఎవరూ బ్రోషర్ అచ్చు వేయరు. ఇంకో మాట: కారణం తెలియకుండా రాత్రంతా ఏడుస్తుంటే దిష్టి తీసే ముందు మలబద్ధకం, పన్ను, చెవి, తుంటి చూపించండి.

అపోహ: ఇలాంటి పిల్లలకు టీకాలు పడవు

పడతాయి, ఇంకా ఎక్కువ అవసరం. సెరిబ్రల్ పాల్సీ, అదుపులో ఉన్న ఫిట్స్ టీకాలకు అడ్డు కావు. ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్న పిల్లాడికి ఏటా ఫ్లూ టీకా కూడా వేయించమంటారు. జ్వరానికి ఫిట్స్ వచ్చే పిల్లలుంటే ఆ సంగతి ముందుగా డాక్టర్‌కు చెప్పాలి, అంతే.

అపోహ: నడవలేడు, బడెందుకు

దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత చదువు హక్కు. మామూలు పిల్లలకు ఆ హక్కు పద్నాలుగు వరకే. మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, బడికి రాలేని పిల్లల ఇంటికి సహిత విద్య టీచర్లు వస్తారు. మా దగ్గరికొచ్చే టీచరమ్మ అక్షరాలు చెప్పదు. రెండు బొమ్మలు ఎదురుగా పెట్టి కావాల్సిన దాని వైపు చూడమంటుంది. ఏది కావాలో చెప్పడం మా వాడు నేర్చుకున్నది ఆమె దగ్గరే. ఫ్యాన్ బొమ్మ చినిగిపోయి రెండోసారి వేయించాం.

అపోహ: దేవుడు ఏరికోరి నీకిచ్చాడు, నీకున్న ఓపిక ఎవరికుంది

‘ఏ జన్మలో ఏం పాపం చేసిందో’ అనే రకం ఈమధ్య తగ్గింది. దాని చోట్లో ఈ పొగడ్త వచ్చింది. నాకు రెంటికీ పెద్ద తేడా కనపడదు. రెండిట్లోనూ పిల్లాడు, వాడి సిరంజి, వాడి రాత్రులు మొత్తం నాకే రాసిచ్చేసి, అన్నవాళ్లు కాఫీ తాగి వెళ్తారు.

ఈ ఇళ్లలో నిజంగా తరిగిపోయేది నిద్ర. పదింటికి ఆఖరి ఫీడు, పన్నెండుకు పక్కకు తిప్పడం, రెండింటికి గొంతులో గురగుర అంటే సక్షన్ మెషిన్, నాలుగింటికి మళ్లీ తిప్పడం. ఓపిక ఉన్నా లేకపోయినా టైము టైమే. భార్యాభర్తల గొడవలు వీటి మధ్యనే పుడతాయి, పిల్లాడి మీద కాదు, నిన్న రాత్రి ఎవరు లేచారన్నదాని మీద. మా ఆయన షిఫ్టు మార్పించుకుని ఒంటిగంట దాటాక రాత్రి తనది అన్నాక ఆ గొడవలు సగం తగ్గాయి. ఆయన్ని చూసి ‘పాపం, మగాడై ఉండి ఇవన్నీ చేస్తాడు’ అంటారు. ఇదీ ఒక అపోహే, విడిగా రాయడానికి నాకు ఓపిక లేదు.

సాయం చేయాలనుంటే ఏం కావాలని అడక్కండి, ఆ అడిగినదానికి జవాబు ఆలోచించడం ఇంకో పని. మా ఆడపడుచు వచ్చి ‘వదినా, ఆ ఫీడు పెట్టడం నాకు చూపించు, ఆదివారం నువ్వు సినిమాకెళ్లు’ అంది. సినిమాకెళ్లలేదు. పక్కింట్లో ఏసీ గదిలో పడి నిద్రపోయాను.

అపోహ: గవర్నమెంటు అన్నీ ఇస్తోందిగా

కొన్ని ఇస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 నుంచి నెలకు 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు 15,000. తెలంగాణలో 2023లో 4,016 చేశారు. జాబితాలో ఉన్న ఆపరేషన్లకు మన దగ్గర ఎన్టీఆర్ వైద్యసేవ, అక్కడ ఆరోగ్యశ్రీ. డైపర్లకు, సిరంజిలకు, థెరపీకి ఆటో చార్జీలకు ఏదీ లేదు. అడగనివాళ్లకు దక్కకుండా పోయేవి మాత్రం ఉన్నాయి. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష దాకా ఇస్తుంది, ముందే ఉన్న జబ్బని తోసేయదు, థెరపీ ఖర్చులూ అందులో వస్తాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు పిల్లల సంరక్షణ సెలవు 730 రోజులు, వైకల్యమున్న బిడ్డయితే వయసు పరిమితి లేదు.

అపోహ: అక్క ఉందిగా, రేపు తనే చూసుకుంటుంది

ఈ మాట మా అమ్మాయి ఎదురుగానే అంటారు. దానికి పద్నాలుగేళ్లు. తమ్ముడి ఫిట్స్‌కు టైము చూడగలదు, కానీ స్కూలు వార్షికోత్సవానికి అమ్మా నాన్నా ఇద్దరూ ఎప్పుడైనా కలిసి వస్తారా అని రెండేళ్లుగా అడుగుతోంది. పోయినసారి అత్తయ్య సిరంజి పట్టుకున్నారు కాబట్టి ఇద్దరం వెళ్లాం, మూడో వరసలో కూర్చున్నాం.

చట్టం సంగతి ఇంకోటి. బిడ్డకు పద్దెనిమిది నిండితే తల్లిదండ్రులు కూడా గార్డియన్లు కారు. బ్యాంకు ఖాతాకైనా, ఆస్తి పత్రానికైనా వాడు మేజరు. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ నడిపే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకుని గార్డియన్‌షిప్ తెచ్చుకోవాలి. అక్క కావాలనుకుంటే అక్క, కాదనుకుంటే ఇంకొకరు. అక్క అనే వరసతో అది దానంతటదే సంక్రమించదు. అమ్మాయికి ఈ మాట చెబితే, నన్నెవరూ అడగలేదేం అంది. అడుగుతాం, ఇంకా టైముంది. దానికంటే ముందు సదరం, అంటే వైకల్య సర్టిఫికెట్, రెన్యువల్ ఉంది. చిన్నప్పుడు ఇచ్చింది తాత్కాలిక సర్టిఫికెట్. స్లాట్లు తెరిచిన రోజు పొద్దున్నే సచివాలయానికి వెళ్లకపోతే ఆ నెలకు దొరకవు.