కంప్యూటరు మొరాయించినప్పుడు

వాల్వుల రేడియోలు ఇండ్లలో నడచిన కాలమున, పెట్టె హఠాత్తుగా మూగవోయినచో ఇంటి పెద్ద మొదట వాల్వులను తాకెడివాడు కాదు. గోడనున్న ప్లగ్గును చూచెడివాడు, పిదప ఫ్యూజును, ఆ పిదప డాబామీది ఏరియల్ తీగను. అప్పటికిని పలుకనప్పుడే మెకానిక్కునకు కబురు పోయెడిది. వెలుపలి నుండి లోపలికి, తేలిక నుండి కష్టమునకు పోవు ఆ పద్ధతిని ఎవరును పాఠముగా చెప్పలేదు. అనుభవమే నేర్పినది.

నేడు ఆ ఇండ్లలోనికి కంప్యూటరు వచ్చినది. పిల్లల చదువులు, ఉద్యోగపు దరఖాస్తులు, బ్యాంకు కాగితములు, పెండ్లి ఛాయాచిత్రములు అన్నియు అందులోనే ఉన్నవి. అట్టి యంత్రము మొరాయించినప్పుడు మనకు పూర్వపు నిదానము నిలువదు. తోచిన మీట నెల్ల నొక్కెదము. ఎవరు ఏమి చెప్పిన అది చేసెదము. తుదకు మొదటి లోపము కంటె మనము కల్పించిన లోపములే ఎక్కువగును.

గత సంవత్సరము రాజమహేంద్రవరములో మా అన్నగారి ఇంట జరిగిన సంగతి చెప్పెదను. కంప్యూటరు నెమ్మదించినదని వారి అబ్బాయి ఒకే సాయంకాలమున మూడు పనులు చేసెను. కొత్త ప్రింటరు తగిలించెను; అది పలుకలేదు. పాత యాంటీవైరస్ ఉండగనే మరియొక దానిని ఎక్కించెను. చివరకు పెట్టె విప్పి కొత్త మెమొరీ పలకను అమర్చెను. అంతలో కరెంటు పోయినందున యంత్రమును వెలిగించి చూడకయే మూత బిగించి పడుకొనెను. మరునాటి ఉదయమున మీట నొక్కగా లోపలి పంకా తిరుగుచున్నది, తెర మాత్రము చీకటి. ఆపైన ఆగి ఆగి ఒక కూత వినవచ్చుచున్నది.

ఆ కంప్యూటరులో మా అమ్మగారి కడపటి సంవత్సరముల ఛాయాచిత్రములు, ఆమె పాడిన మంగళహారతుల రికార్డింగులు ఉన్నవి. వాటికి మరియొక ప్రతి లేదు. వచ్చిన కుర్రవాడు రెండు నిమిషములు చూచి, "హార్డ్ డిస్క్ పోయినట్టుంది సార్. ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్ళీ వేద్దాం" అనెను. అన్నగారు మాటాడలేక పోయిరి. అప్పుడు మా వదినగారు ఒక్క మాట అడిగిరి: "నిన్న సాయంత్రం దాకా బాగానే ఉంది గదా బాబూ! నిన్న పెట్టినదేదో ముందు తీసి చూడకూడదా?"

కొత్త మెమొరీ పలకను తీయగానే యంత్రము లేచినది. ఆ పలక ఒక కొన గాడిలో పూర్తిగా దిగలేదు, అంతే. డిస్కులో ఏ లోపమును లేదు. ఆనాడు ఫార్మాటు చేసియున్నచో అమ్మగారి గొంతు పోయెడిది. కూత మాత్రము మానెడిది కాదు.

వదినగారు అడిగిన ప్రశ్నయే ఈ విద్యకు మొదటి సూత్రము. నిన్న నడచిన యంత్రము నేడు నడువనిచో, ఈ నడుమ మారినదేమి? పెద్ద సంస్థలలోను ఇదియే వర్తించును. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతా సంస్థ పంపిన ఒక అప్‌డేటులో లోపము దొరలినది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారము సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు నీలి తెరతో కుప్పకూలినవి. విమానములు ఆగినవి, హైదరాబాదు విమానాశ్రయమున చేతితో వ్రాసిన బోర్డింగు పాసు ఇవ్వవలసి వచ్చినది. దానికి చికిత్స ఏమి? యంత్రమును సేఫ్ మోడ్ అను మితస్థితిలో లేపి, ఆనాడు కొత్తగా వచ్చిన ఆ ఒక్క ఫైలును తొలగించుట. డిస్కులను మార్చవలసిన పని లేకపోయెను.

రెండవ సూత్రము: ఒక్కసారి ఒక్క మార్పే చేయవలెను, చేసినదానిని వ్రాసికొనవలెను. 1947 సెప్టెంబరు 9న హార్వర్డు విశ్వవిద్యాలయపు మార్క్ 2 కంప్యూటరు రిలేలో రెక్కల పురుగు ఒకటి చిక్కుకొనినది. ఇంజనీర్లు దానిని తీసి పారవేయలేదు. దినచర్య పుస్తకములో అంటించి, వేళతో సహా వివరము వ్రాసిరి. మన యింటికిని అట్టి నోటుపుస్తకము ఒకటి చాలును. తెరపై వచ్చిన సందేశమును ఉన్నదున్నట్లు అందులో ఎక్కించుడు, లేదా ఫోనుతో ఫొటో తీయుడు. "ఏదో ఎర్రర్ వచ్చింది" అని చెప్పినచో ఎంత నిపుణుడైనను చేయగలిగినది లేదు.

ఇక లోపము ఎచటనున్నదో కనుగొనుటకు, యంత్రము మేల్కొను క్రమమును తెలిసికొనవలెను. మీట నొక్కగానే పవర్ సప్లయి అను పెట్టె ఇంటి 230 వోల్టుల విద్యుత్తును 12, 5, 3.3 వోల్టులకు తగ్గించి లోపలి భాగములకు పంచును. ఇది మొదటి మెట్టు. రెండవ మెట్టున యంత్రము తన్ను తాను పరీక్షించుకొనును. మెమొరీ సరిగా లేనిచో తెర వెలుగకముందే తెలియును గనుక కూతల ద్వారా చెప్పును. ఎన్ని కూతలకు ఏమి అర్థమో తయారీదారును బట్టి మారును; మదర్‌బోర్డుతో వచ్చిన పుస్తకమున చూడవలెను. మూడవ మెట్టున డిస్కు నుండి ఆపరేటింగ్ సిస్టము లేచును. నాలుగవ మెట్టున ప్రింటరు, ధ్వని మొదలైన పరికరములను నడపు డ్రైవర్లు పని మొదలిడును. అయిదవ మెట్టున మనము వాడు ప్రోగ్రాములు తెరచుకొనును.

యంత్రము ఏ మెట్టున ఆగినదో గమనించినచో సగము పని అయినట్లే. కూతలు వినవచ్చి తెర వెలుగనిచో అది రెండవ మెట్టు. విండోసును తిట్టి ప్రయోజనము లేదు. అన్నియు నడచుచు ప్రింటరొక్కటే పలుకనిచో అది సాధారణముగా నాలుగవ మెట్టు, పెట్టె విప్పనక్కరలేదు.

మొదటి రెండు మెట్లలో చూడవలసినవి కొన్ని కలవు. ప్లగ్గు, గోడ స్విచ్చి, పెట్టె వెనుకనున్న చిన్న స్విచ్చి ముందు చూడుడు. గ్రాఫిక్స్ కార్డు వేరుగా అమర్చినప్పుడు తెర తీగను ఆ కార్డునకే తగిలించవలెను. అలవాటుగా పాత రంధ్రమున పెట్టి, కార్డు చెడినదని తిప్పి పంపినవారు కలరు. మెమొరీ పలకలలో తరములున్నవి. డి.డి.ఆర్. 3 సాధారణముగా 1.5 వోల్టులతోను, డి.డి.ఆర్. 4 1.2 వోల్టులతోను పనిచేయును. ఒక తరపు పలక మరియొక తరపు గాడిలో దిగకుండ గంటు వేరు చోట ఉండును. దిగనిచో బలము చేయరాదు. సరియైన పలకయే అయినచో, చివరి కొక్కెము "టక్కు" మను వరకు రెండు కొనలను సమముగా నొక్కవలెను.

లోపల చేయి పెట్టుటకు ముందు ప్లగ్గు తీసివేయుడు. పెట్టె లోహపు భాగమును ఒకసారి తాకినచో మన ఒంటి మీది స్థిర విద్యుత్తు పోవును. పవర్ సప్లయి పెట్టెను మాత్రము ఎన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడ అందలి కెపాసిటర్లు ప్రమాదకరమైన విద్యుత్తును నిలువ ఉంచుకొనును.

ఒక చిన్న వస్తువును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. చాల డెస్క్‌టాప్ యంత్రముల మదర్‌బోర్డు మీద బిళ్ల వంటి 3 వోల్టుల బ్యాటరీ ఉండును, దానిని సి.ఆర్. 2032 అందురు. ఏండ్లు గడచి అది నీరసించినచో యంత్రము తేదీని మరచును. తేదీ తప్పినచో భద్రత గల వెబ్‌సైట్లు తెరచుకొనవు. కొత్త ప్రోగ్రాములు దిగవు. ఇంటర్నెట్టు చెడినదని, వైరసు పట్టినదని మనము కలత చెందెదము. నిజమునకు గడియారము చూచిన చాలును. కావలసినది ఒక చవుక బిళ్ల.

తరువాతి మెట్లు సాఫ్టువేరునకు సంబంధించినవి. డ్రైవరు అనగా పరికరమునకును ఆపరేటింగ్ సిస్టమునకును నడుమ దుబాసి. దుబాసి లేనిచో ఇరువురును మంచివారే అయినను మాట సాగదు. విండోసులో డివైస్ మేనేజరు అను పుట తెరచినచో, చిక్కున్న పరికరము ప్రక్కన పసుపుపచ్చని గుర్తు కనిపించును. అచట 28 అను సంఖ్య ఉన్నచో డ్రైవరు ఎక్కింపలేదని అర్థము. 43 ఉన్నచో పరికరమే లోపము చెప్పినందున విండోసు దానిని ఆపినదని అర్థము. డ్రైవరును పరికరము తయారుచేసిన సంస్థ వెబ్‌సైటు నుండియే తెచ్చుకొనవలెను. కొన్ని ప్రింటర్లకు, తెరపై అడుగు వరకు తీగ తగిలించరాదని పుస్తకములోనే వ్రాసియుండును. మా అన్నగారి ఇంట జరిగిన పొరపాటు అదియే. ఆ పుస్తకము అట్టపెట్టెలోనే భద్రముగా ఉండెను!

ప్రోగ్రాము ఎక్కనప్పుడు నాలుగు సంగతులు చూడుడు. డిస్కులో ఖాళీ ఉన్నదా? దిగిన ఫైలు సంపూర్ణముగా దిగినదా? అడ్మినిస్ట్రేటరు అనుమతి ఉన్నదా? ఆ ప్రోగ్రాము మన యంత్రమునకు తగినదా? 64 బిట్ల ప్రోగ్రాము 32 బిట్ల విండోసులో నడువదు. 32 బిట్లతో లెక్కింపగల చిరునామాలు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 మాత్రమే. అనగా 4 గిగాబైట్లు. అందుచే గృహములలోని 32 బిట్ల విండోసున అంతకు మించిన మెమొరీ కొని అమర్చినను అక్కరకు రాదు. రెండు యాంటీవైరస్‌లు ఒకే యంత్రములో కావలి కాయుట, రెండు కావలి కుక్కలను ఒకే గొలుసునకు కట్టుట వంటిది. ఒకదానిని తీసివేయుడు.

తెలుగు ఇండ్లలో తరచు వినబడు ఫిర్యాదు మరియొకటి: తెలుగు అక్షరములకు బదులు గళ్లు కనిపించుట. అక్షరములు పోలేదు, వాటి రూపమును చూపు ఫాంటు లేదు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణముననే తెలుగు లిపికి స్థానము లభించినది. తెలుగు ఫాంటు చేర్చినచో ఆ గళ్లు అక్షరములగును. యూనికోడ్‌నకు ముందటి పద్ధతులలో టైపు చేసిన పాత పత్రములకు మాత్రము ఆనాటి ఫాంటే కావలెను, లేదా వాటిని యూనికోడ్‌లోనికి మార్చుకొనవలెను.

కొన్ని నిరాకరణలు లోపములు కావు, షరతులు. విండోస్ 10కి సాధారణ సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11కు కనీసము 4 గిగాబైట్ల మెమొరీ, 64 గిగాబైట్ల డిస్కు, టి.పి.ఎం. 2.0 అను భద్రతా భాగము ఉండవలెను. కొన్ని యంత్రములలో ఈ భాగము ఉండియు, సెట్టింగులలో ఆపివేయబడి యుండును. కొత్త యంత్రము కొనుటకు ముందు అది చూడుడు. కాని ఆ సెట్టింగులు తాకుటకు ముందు బిట్‌లాకర్ తాళము ఉన్నచో, దాని 48 అంకెల రికవరీ కీని కాగితముపై వ్రాసి దాచుడు. అది లేక డిస్కు తెరచుకొనదు.

ఇంకొక హెచ్చరిక. "మీ కంప్యూటరుకు వైరసు పట్టినది, ఈ నంబరుకు ఫోను చేయుడు" అని తెరపై కనిపించినచో అది మోసము. మైక్రోసాఫ్ట్ వారి నిజమైన హెచ్చరికలలో ఫోను నంబరు ఉండదు. అట్టివారు చెప్పిన ప్రోగ్రామును ఎక్కించినచో మన యంత్రము వారి చేతిలోనికి పోవును. డబ్బు పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరునకు తెలుపవలెను.

మా అన్నగారి యంత్రము లేచిన పిదప మేము మొదట చేసినది ప్రింటరు బాగుచేయుట కాదు. అమ్మగారి ఛాయాచిత్రములను, పాటలను వేరొక డిస్కులోనికి ఎక్కించితిమి; మరియొక ప్రతిని మా యింటికి తెచ్చుకొంటిమి. అటు తరువాతనే మెమొరీ పలకను సరిగా నొక్కి చూచితిమి, పిదప యాంటీవైరస్, పిదప ప్రింటరు. ఒక్కొక్కటిగా చేయగా సాయంకాలమునకు అన్నియు సర్దుకొన్నవి.

అన్ని లోపములను మనమే సవరింపలేము. డిస్కు నుండి టకటకమను శబ్దము వినవచ్చినచో యంత్రమును వెంటనే ఆపి, తెలిసినవానికి చూపవలెను. అట్లు చూపునప్పుడు కూడ ఆ నోటుపుస్తకమును చేతికిచ్చి, వదినగారి ప్రశ్నను అడుగుడు. ఫార్మాటు అన్న మాట వినబడినచో, "ముందు మా ఫైళ్లకు ప్రతి తీయుడు" అని నిలిచి చెప్పుడు. అంతకంటె మేలు, యంత్రము చక్కగా నడచుచున్న ఈ వారములోనే ఆ ప్రతిని తీసి ఉంచుకొనుట. చెడిన యంత్రమును మరల కొనవచ్చును. అందలి గొంతు అంగడిలో దొరకదు.