ఐక్యరాజ్యసమితి ఎందుకు ఆపలేదు?

యుద్ధం మొదలైన ప్రతిసారీ మనం అడిగే ప్రశ్న ఒకటే: ఐక్యరాజ్యసమితి ఏం చేస్తోంది? సమితి అంటే ఒక అధికారి ఆజ్ఞతో నడిచే ఆఫీసు కాదు. సర్వప్రతినిధి సభలో 193 దేశాలున్నాయి. చిన్నదైనా పెద్దదైనా ఒక్కటే ఓటు. ఆ సభ యుద్ధం ఆపమని చెప్పగలదే గాని ఆపించలేదు. అందరూ పాటించి తీరవలసిన నిర్ణయం చేసేది 15 దేశాల భద్రతామండలి. అక్కడ తీర్మానం నెగ్గడానికి 9 ఓట్లు చాలు. అయితే అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్‌లలో ఏ ఒక్కటి వ్యతిరేకంగా ఓటేసినా అది వీగిపోతుంది. వీటో అంటే అదే.

2022 ఫిబ్రవరి 25న ఉక్రెయిన్‌పై దాడిని తప్పుపట్టే తీర్మానానికి 11 దేశాలు ఓటేశాయి. మన దేశంతో సహా మూడు తటస్థంగా ఉండిపోయాయి. కాదన్నది రష్యా ఒక్కటే. ఆ నెల మండలి అధ్యక్షస్థానంలో ఉన్నదీ రష్యాయే! నిందితుడే న్యాయపీఠం మీద కూర్చున్నట్టు లేదూ? మార్చి 2న సర్వప్రతినిధి సభలో 141 దేశాలు రష్యా సేనలు వెనక్కి వెళ్లాలన్నాయి. సేనలు వెళ్లలేదు.

ఈ నియమాన్ని మార్చలేరా? 1945 నాటి చార్టర్‌ను సవరించాలంటే మూడింట రెండు వంతుల దేశాలతోపాటు ఆ ఐదూ ఆమోదించాలి. వీటో తీసేయాలన్నా వీటో ఉన్నవాళ్ల సంతకమే కావాలన్నమాట. 1965లో మండలి సభ్యుల సంఖ్య 11 నుంచి 15కు పెరిగింది. వీటో మాత్రం అలాగే ఉంది.