వడపోత డబ్బాలో కంటికి కానరాని కాపురం

2024 జూలై 8వ తేదీన బెరిల్ తుఫాను టెక్సాస్ తీరాన్ని తాకినప్పుడు హ్యూస్టన్ పరిసరాలలో 20 లక్షలకు పైగా ఇళ్ళకు, దుకాణాలకు విద్యుత్తు ఆగిపోయింది. కొన్ని పేటలలో అది తిరిగి రావడానికి వారం దాటింది. అటువంటి వేళ ఇంటిల్లిపాదికీ ఫ్రిజ్‌లోని పాలు, పెరుగు మీదనే దృష్టి. ముందుగదిలోని చేపల తొట్టెకు వంతు వచ్చేసరికి పొద్దు గూకుతుంది. చేపలు ఈదుతూనే ఉంటాయి గనుక ప్రమాదం లేదనిపిస్తుంది. విచిత్రమేమిటంటే, కొన్ని తొట్లలో అసలు కష్టం విద్యుత్తు తిరిగి వచ్చిన క్షణంలోనే మొదలవుతుంది.

చేపలు మొప్పల ద్వారా అమ్మోనియాను విసర్జిస్తాయి. తినగా మిగిలిన మేత కుళ్ళి మరికొంత తయారవుతుంది. ఏటిలో అయితే ఆ విషాన్ని ప్రవాహం కొట్టుకుపోతుంది. గాజు తొట్టెలో ఆ భారమంతా ఫిల్టరులోని స్పాంజి మీద, పింగాణీ ముక్కల మీద పలుచని పొరగా నివసించే సూక్ష్మజీవులది. ఒక వర్గం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. అది చేప రక్తాన్ని గోధుమరంగుకు తిప్పి, ప్రాణవాయువును మోయలేనిదిగా చేస్తుంది. మరొక వర్గం దానిని అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ జీవులను 1890 ప్రాంతంలో జూరిచ్‌లో వేరుచేసి చూపినవాడు రష్యన్ శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాద్‌స్కీ. రెండవ పని నైట్రోబాక్టర్‌దని పుస్తకాలు చాలాకాలం వ్రాశాయి. మంచినీటి తొట్లలో ఆ పని చేసేది నైట్రోస్పైరా అని 1998లో తేలింది. రెండు పనులనూ ఒక్కటే చేయగల నైట్రోస్పైరా జాతులు ఉన్నాయని 2015లో బయటపడింది.

పేరు ఏదైనా, వీటన్నిటికీ ప్రాణవాయువు కావాలి. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు మంచినీటిలో కరిగి ఉండగలిగేది సుమారు 8 మిల్లీగ్రాములే. లీటరు గాలిలో అంతకు ముప్పై రెట్లకు పైగా ఉంటుంది. మోటారు తిరుగుతున్నంత కాలం కొత్త నీరు వస్తూ ఆ కొద్దిపాటి సంపదను అందిస్తూ ఉంటుంది. మోటారు ఆగితే, మూత బిగించిన కానిస్టర్ ఫిల్టరులో ఉన్నదంతా గంటల వ్యవధిలోనే ఖర్చయిపోతుంది. అక్కడి మురికిని తినే ఇతర బాక్టీరియా కూడా అందులో వాటా తీసుకుంటాయి మరి. ఆ తరువాత గాలి అక్కరలేని జాతులు విజృంభించి, కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసనగల హైడ్రోజన్ సల్ఫైడును పుట్టిస్తాయి. అర్ధరాత్రి విద్యుత్తు వచ్చి మోటారు దానంతటదే తిరిగితే, ఆ మురుగు నీరంతా తొట్టెలోకి వచ్చిపడుతుంది. అందుచేత విద్యుత్తు పోగానే చేయవలసిన మొదటి పని ఫిల్టరు ప్లగ్గును ఊడదీయడం.

రెండవది మూత తీయడం. పెసలు మొలకకట్టే గృహిణికి ఇందులోని కిటుకు వేరే చెప్పనక్కరలేదు: తడిగుడ్డలో మూటకడితే మొలకెత్తే గింజలు, నీటిలో ముంచి వదిలేస్తే కుళ్ళిపోతాయి. స్పాంజిని, పింగాణీ ముక్కలను వెడల్పాటి పళ్ళెంలో పరచి, తొట్టె నీటితో తడిపిన గుడ్డ కప్పి, ఆరకుండా అప్పుడప్పుడు అదే నీరు చిలకరిస్తే చాలు. బ్యాటరీతో నడిచే గాలిపంపు ఉంటే ఇంకా మేలు. వాటిని తొట్టెలోనే బుడగల దగ్గర వేలాడదీయవచ్చు. చేపలకూ ఆ గాలి అవసరమే. పంపు లేనివారు చెంబుతో తొట్టె నీరు ముంచి కాస్త ఎత్తునుంచి అందులోనే పోస్తూ ఉండాలి.

ఆకలి గురించి బెంగ అనవసరం. ఈ సూక్ష్మజీవులు చాలా రోజులు పస్తు ఉండగలవు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు కూడా కొన్ని రోజులు మేత లేకుండా నిలుస్తాయి. జాలిపడి వేసే పిడికెడు మేతే ఆ సమయంలో శత్రువు.

స్పాంజిని కుళాయి నీటితో కడగరాదు. అమెరికాలో అనేక నగరాలు నీటిలో క్లోరమిన్ కలుపుతాయి. అది క్లోరిన్ వలె ఒక రాత్రి నిలవ ఉంచితే పోయేది కాదు. బకెట్టులోకి తీసిన తొట్టె నీటిలో మెల్లగా పిండితే సరిపోతుంది. డబ్బాలో మిగిలిన నీరు పారబోసి, ఆ తరువాతనే మోటారు వేయాలి.

ఒకవేళ డబ్బా రోజుల తరబడి మూసి ఉండి దుర్వాసన వేస్తే, కాపురం చాలావరకు దెబ్బతిన్నదనుకోవాలి. ఇతర బాక్టీరియాలలో కొన్ని ఇరవై నిమిషాలకే రెట్టింపు అవుతాయి. వీటికి మాత్రం సగం రోజో, ఒక రోజో, అంతకు మించో పడుతుంది. కోలుకోవడానికి వారాలు కావచ్చు. అంతవరకు అమ్మోనియాను, నైట్రైట్‌ను రోజూ పరీక్షిస్తూ, మేత తగ్గించి, క్లోరమిన్ విరుగుడు కలిపిన నీటితో కొంత కొంతగా నీరు మార్చవలసి ఉంటుంది. క్షారగుణం ఎక్కువైన నీటిలో, వేడి రోజులలో అమ్మోనియా మరింత విషమిస్తుంది.

తుఫానుల కాలమూ, పిల్లల వేసవి సెలవులూ ఒకేసారి వస్తాయి. ఇండియా వెళ్ళే కుటుంబాలు తాళంచెవి ఇచ్చి వెళ్ళే పొరుగువారికి మేత కొలత ఒక్కటే చెబుతుంటాయి. విద్యుత్తు పోతే ఏ ప్లగ్గు ఊడదీయాలో, ఏ మూత తీయాలో ఒక చీటీ మీద వ్రాసి తొట్టె అద్దానికి అంటించి వెళ్ళడం మంచిది.